వదిన మూయించిన కొట్టు

మా వదిన పోయిందన్న కబురు విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఫోన్‌లో వచ్చింది. చేసింది మా అన్నయ్య. "అయిపోయిందే" అన్నాడు, అంతే. నేను బస్టాండు పక్కన టెలిఫోన్ బూత్ నడుపుతాను. మా ఊరి చావు కబుర్లలో సగం నా చెవిన పడ్డాకే ఊళ్లోకి వెళతాయి కాబట్టి, వాటిని వినడం, చెప్పడం నాకు అలవాటే. ఎప్పుడు బయలుదేరుతున్నారో అడిగాను, బండి సంగతి మాట్లాడాను, ఫోన్ పెట్టేశాను. వెనకాల నిలబడ్డ మనిషి కొరాపుట్‌కి మాట్లాడాలంటే నంబరు కలిపి ఇచ్చాను. ఏడుపు మర్నాడు వచ్చింది, అదీ పప్పులో ఉప్పు చూస్తుండగా. అప్పుడే ఎందుకు వచ్చిందో నాకు తెలియదు.

పేపరు జిల్లా పేజీలో చిన్న వార్త వేశారు, "ప్రముఖ వ్యాపారి సతీమణి కన్నుమూత" అని. మా అన్నయ్య ప్రముఖుడేమీ కాదు. అరకు లోయలో సంత జరిగే ఊళ్లో కాఫీ గింజలు, పసుపు, చింతపండు కొనే మామూలు కొట్టు ఆయనది. మా వదిన ఏం పని చేసేదో ఆ వార్తలో ఒక్క ముక్క లేదు. కొండ మీద ఊళ్లవాళ్లకు ఆమె పని తెలుసు. కింద మైదానంలో ఉన్న మా చుట్టాలకు మాత్రం ఆమె ఇప్పటికీ "ఏదో కంప్యూటర్ల దగ్గర కూర్చునేది". ఆ ఏదో ఏమిటో చెబుదామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆమె తొంభైల్లో విజయనగరం వైపు నుంచి కోడలిగా మా ఇంటికి వచ్చింది. లెక్కల్లో డిగ్రీ చదివింది. కొట్టులో కూర్చోమంటే కూర్చునేది గానీ, కాటా ముల్లు వైపు తప్ప మనిషి మొహం వైపు చూసేది కాదు. ఈ పిల్ల వ్యాపారానికి పనికిరాదని మా అమ్మ మొదటి నెలలోనే తేల్చేసింది. కొన్నేళ్లకు విశాఖలో కంప్యూటరు కోర్సు చేస్తానని బయలుదేరింది. పాసింజరు బండిలో సొరంగాలన్నీ దాటుకుంటూ సోమవారం వెళ్లి, వాళ్లక్క ఇంట్లో ఉండి, శనివారం తిరిగొచ్చేది. "ఏం వేషాలమ్మా ఇవి" అంది మా అమ్మ. ఆ తర్వాత ఆ వేషాల గురించే ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ గొప్పగా చెప్పుకుంది. మా అమ్మ సంగతి అంతే.

రెండు వేలు దాటిన కొత్తలో కాఫీ రైతుల సంఘం ఒక పని మొదలుపెట్టింది. కొండ మీద కొన్ని ఊళ్లలో ఒక్కో గదిలో ఒక్కో కంప్యూటరు పెట్టి, దానికి కేంద్రం అని పేరు పెట్టారు. వాటన్నిటికీ తల్లి కంప్యూటరు, అంటే సర్వరు, మా ఊళ్లో సంఘం ఆఫీసు మేడ గదిలో ఉండేది. డాబా మీద పెద్ద డిష్ ఉండేది. వారం వారం కాఫీ ధర పట్నం నుంచి తెలుసుకుని ఆ సర్వరులో ఒక పేజీలో పెట్టేవారు. కొండ ఊళ్లవాళ్లు తమ కేంద్రంలో ఆ పేజీ చూసుకుని, శుక్రవారం సంతకు ఎంత సరుకు దించాలో, ఎంత ధర అడగాలో తేల్చుకునేవారు. సంఘం కొనేది కొద్దిగానే, ఎక్కువ సరుకు సావుకార్లే కొనేవారు. కానీ రేటు అందరికీ తెలిసిపోయాక సావుకారు అంతకు తగ్గించి అడగడం కష్టమైంది. అంతకుముందు రేటంటే సావుకారు నోటి వెంట వచ్చిందే. మా నాన్న కొట్టు నడిపిన కాలంలోనూ అంతే. దాచడానికి ఏముంది?

సర్వరు చూసుకోవడానికి పట్నం నుంచి వచ్చిన మనిషి ఒక చలికాలం చూసి దిగిపోయాడు. ఇంకెవరూ రాలేదు. చివరికి మా వదిన దరఖాస్తు పెట్టింది. కమిటీలో పెద్ద గొడవైంది. "దొంగ సేతికి తాళాలిచ్చినట్టు కాదేటి?" అని ఒకాయన ఆమె ఎదురుగానే అన్నాడట. "నమ్మకం లేకపోతే రోజూ ఒకలు వచ్చి నా పక్కన కూకోండి" అందట ఈమె. నిజంగానే కొన్నాళ్లు కమిటీవాళ్లు వంతులు వేసుకుని వచ్చి కూర్చున్నారు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పాకడం చూసి చూసి, కునికిపాట్లు పడి, వాళ్లంతట వాళ్లే మానుకున్నారు. అయితే అనుమానం మాత్రం పోలేదు. ఊరుకుంది, అంతే.

ఆమె చేసిన పని ఏమిటో నాకు అర్థమైనంత చెబుతాను. సర్వరులో పేజీలను అడిగినవాళ్లకు అడిగినట్టు అందించే ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మాది ఊరికే దొరికేది, ఏ ఒక్కరి సొంతమూ కాదు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసింది. మనుషులు రాసింది గనక అందులో కన్నాలుంటాయి. ఎవరికైనా ఒక కన్నం కనిపిస్తే, దాన్ని పూడ్చే నాలుగు వరుసలు కూడా రాసి, ఈమెయిల్‌లో అందరికీ పంపిస్తారు. ఇంగ్లీషులో దాన్ని ప్యాచ్ అంటారు. మా వదిన మాసిక అనేది. మొత్తం సాఫ్ట్‌వేర్ మళ్లీ దించుకోవాలంటే మా డిష్‌కి చాతయ్యేది కాదు, వానొస్తే అసలే పలికేది కాదు. అందుకని ఆ మాసిక ఒక్కటే దించుకుని, తన దగ్గరున్న మూలప్రతికి అతికి, అక్కడే మళ్లీ తయారుచేసుకునేది. "తాను గుడ్డ తెప్పించుకోడానికి మన దారి సాలదు. మాసిక ముక్క వస్తే సాలు, కుట్టుకోడం మనకొచ్చు" అనేది.

ఆ మాసికను కాగితం మీద అచ్చు తీసి ఇంటికి తెచ్చేది. భోజనాలయ్యాక వెనక వసారాలో చేట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుతూ చదివేది. కాగితం పీట మీద ఉండేది, గాలికి ఎగరకుండా దాని మీద బియ్యం కొలిచే గిద్ద. తీసేయాల్సిన వరుసల ముందు మైనస్ గుర్తు, చేర్చాల్సిన వరుసల ముందు ప్లస్ గుర్తు. అందులో ఒక్క ముక్క నాకు బోధపడేది కాదు. కానీ ఆమె పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ఆమె చెయ్యి చేటలో ఎక్కడ ఆగితే కాగితంలో అక్కడేదో ఉందని గ్రహించేదాన్ని. "ఒకపాలి సదివితే వాళ్లేటి సేసినారో తెలుస్తాది, అమ్మడూ. రెండోపాలి సదివితే మనకేటి అవుతాదో తెలుస్తాది" అనేది నాతో. బియ్యంలో రాళ్లు ఆమె ఏరినంత శుభ్రంగా మా ఇంట్లో ఎవరూ ఏరలేదు. ఇప్పుడు మా అన్నయ్య పంటి కింద రాయి పడ్డప్పుడల్లా ముద్ద ఆపి గోడ వైపు చూస్తాడు.

ఇంకొక పద్ధతి ఉండేది ఆమెకు. మా కొండల్లో మామిడి కొత్త పండగ చేయందే కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు. ముందు దేవతకు, తర్వాతే మనుషులకు. ఆఫీసులో మూలపడ్డ ఒక ముసలి కంప్యూటరు ఉండేది. ఏ మాసిక వచ్చినా మా వదిన ముందు దానికి వేసి, నడిపి చూసి, అప్పుడే అసలు సర్వరు మీద చెయ్యి వేసేది. "ఇదేటమ్మా, వచ్చింది వచ్చినట్టు పెట్టీవచ్చు గదా" అని కమిటీవాళ్లడిగితే, "కొత్త పెట్టకుండా తింటారేటి మీరు?" అంది. ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ ముసలి కంప్యూటరుకు కొత్తల పెట్టె అని పేరు పడిపోయింది. ఆ ఆఫీసు మొత్తంలో దానికంటే పాత వస్తువు ఇంకొకటి లేదు.

అసలు చెప్పాల్సింది ఒక శుక్రవారం గురించి. కాఫీ గింజలు ఎండి మూటలకెక్కే రోజులవి, సంత మంచి ఊపు మీద ఉంది. బుధవారం ఒక కబురు వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద కన్నం ఉందని, దాంట్లోంచి దూరితే సర్వరు మొత్తం దూరినవాడి చేతిలోకి వెళ్లిపోతుందని. మాసిక కూడా వెంట వచ్చింది. వదిన దాన్ని కొత్తల పెట్టెకు వేసింది. వేశాక రేటు పేజీ తెల్లగా, ఖాళీగా వచ్చింది. రేటు పేజీ ప్రోగ్రాం ఎప్పుడో ఎవరో రాసిపోయినది. కొత్త మాసికకూ దానికీ ఎక్కడో పొత్తు కుదరడం లేదు. అదెక్కడో వెతికి పట్టుకోవాలి, అది గంటల్లో తేలేది కాదు. గురువారం పొద్దున సర్వరు చిట్టా చూస్తే, ఊరూ పేరూ తెలియని చోటు నుంచి ఎవరో వచ్చి తలుపులు తట్టి చూసి వెళ్లిన జాడలున్నాయి.

దూరినవాడు రేటు మార్చాలంటే ఒక్క అంకె మారిస్తే చాలు. ఒక్క శుక్రవారం తప్పు రేటు పడిందంటే, మళ్లీ ఆ పేజీని కొండ మీద ఎవరూ నమ్మరు. పోనీ పేజీ మూసేస్తే? సంత రోజున రేటు పేజీ మూసింది ఎవరు? సావుకారు పెళ్లాం. ఎవరికోసం మూసింది? దానికి జవాబు కొండ మీద ప్రతివాళ్ల దగ్గరా సిద్ధంగా ఉంటుంది. మూయకుండా ఊరుకుంటే ఆమెను ఎవరూ వేలెత్తి చూపరు, కన్నం సంగతి ఆమెకు తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు గనక. మూస్తే మాత్రం ఇన్నాళ్లుగా ఊరుకున్న అనుమానం లేచి కూర్చుంటుంది.

గురువారం మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చేసరికి మా అన్నయ్య భోజనం చేస్తున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"రేటు పేజీ మూసీసినానండి. రేపు కొట్టు తెరవొద్దు" అంది.

ఆయన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. "నీ పెట్టెకి జొరం వస్తే నా కాటాకి మందేటే?"

"మూసింది నేను. దాని మూలాన కలిసొచ్చేది మనింటికి రాకూడదు. మనోళ్లు కొండెక్కకూడదు, కాటా కట్టకూడదు. పేజీ బాగయ్యేదాకా అంతే."

"అలా ఒగ్గీ. సోమవారం సేసుకో. ఎవులికి తెలుస్తాది?"

"కన్నం ఉన్నాదని ప్రపంచమంతా రాసి పంపీసినారండి. మనకి తెలిసిందంటే, రావలసినోడికి ముందే తెలిసిందని లెక్క."

మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "కూర్చున్న కొమ్మ నరుక్కుంటావేటమ్మా?" అంది. మా అన్నయ్య ఉద్యోగం మానెయ్యమన్నాడు. "మానీస్తాను. కానీ రేపటికి ఆ పేజీ ఎవులు బాగుసేస్తారు?" అని అడిగింది వదిన. అడగడం కూడా దెబ్బలాటగా కాదు, నిజంగానే ఎవరైనా ఉంటే చెప్పమన్నట్టు అడిగింది. ఎవరూ లేరు. ఆమె అన్నం తిని, కంచం కడిగి, ఆఫీసుకు వెళ్లిపోయింది. కొట్టు తాళంచెవి ఎప్పటిలాగే మేకుకు వేలాడుతూ ఉంది. దాని జోలికి ఆమె వెళ్లలేదు.

వెళ్లాల్సిన అవసరం ఆమెకు లేకపోయింది. ఆ సాయంత్రం నా బూత్ నుంచే పట్నానికి ఫోన్ చేసి రేటు కనుక్కుంది. సంత మొదట్లో సంఘంవాళ్ల నల్లబల్ల ఒకటి ఉంది. దాని మీద సుద్దముక్కతో రేటు రాసింది. దాని కింద, ఇంకా పెద్ద అక్షరాలతో, "కంప్యూటరు మరమ్మతు అయ్యేవరకు మా కొట్టులో సరుకు కొనబడదు" అని రాసింది. పొద్దుపోకముందే ఆ సంగతి సంతంతా పాకింది. తెల్లారి మా అన్నయ్య కొట్టు తెరవాలనుకున్నా ఇక తెరిచే వీలులేదు. ఆయన నా బూత్‌లోకి వచ్చి కూర్చుని, "పెళ్లాం నల్లబల్ల మీద ఎక్కించీసింది నన్ను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, పేపరు అడ్డం పెట్టుకున్నాను.

శుక్రవారం మంచు ఇంకా విడవకముందే మూటలు దిగడం మొదలైంది. దిగినవాళ్ల మొహాలు బాగాలేవు. పేజీ మూసిన సంగతి తెలిసి దళారులు ముందురోజే కొండెక్కి, రేటు పడిపోయిందని చెప్పి, కళ్లాల దగ్గరే కొంత సరుకు ఎత్తేశారు. నల్లబల్ల కొండ మీదికి ఎక్కదు గదా. బల్ల దగ్గర గుంపు కూడింది. వదిన అక్కడే నిలబడి ఉంది. పై ఊరి నుంచి కాఫీ తెచ్చే ఒక పెద్దావిడ మూట దింపి, ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. మా నాన్న కాలం నుంచి మా కొట్టుకు వచ్చే మనిషి, మా నాన్ననే నలుగురిలో కడిగేసిన మనిషి.

"సావుకారమ్మా, ఊరందరు సూసే పెట్టి మూసీసినావు. ఈ పలక మీద నీ సేత్తో నువ్వు రాసినావు. నీ పెనిమిటికోసమేనా?" అంది.

వదిన ఆమె మూట మీద చెయ్యి వేసింది.

"పెద్దమ్మా, నీ మూటలో ఎంతున్నాదో నువ్వు సెప్పిన మాటే పట్టుకుని, తూయకుండా, సోటు సూసుకోకుండా గోదాంలో ఒంపీసుకుంటే ఏటవుతాది?"

"ఏటవుతాది? పక్కోల కుప్ప మీద పడతాది."

"ఆ పెట్టి అలాగే ఒంపీసుకుంతంది. ఎవుడైనా పెద్ద అబద్ధం సెప్పి ఒంపినాడంటే, మన రేటు మీద ఆడి రేటు పడతాది. అది పడకముందే మూసినాను."

పెద్దావిడ తన మూట ముడి సర్దుకుంది. "తూసుకోమని సెప్పనేదేటి దానికి, ఇన్నాళ్లు?"

"ఎవులికీ తట్టనేదు. ఇప్పుడు సెప్తన్నాను. బేగి అవదు, రెండు రోజులు పడతాది."

ఈ మాటలతో అందరూ చల్లబడిపోయారని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. కొందరు గొణుక్కుంటూ వెళ్లారు, కొందరు పక్క కొట్లలో వచ్చినకాడికి అమ్ముకున్నారు. ఒకాయన వదిన వినేటట్టే తిట్టాడు. పెద్దావిడ సంతంతా నడిచి మా కొట్టు దగ్గరికి వచ్చింది. మా అన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేరుగా తలుపు దగ్గరికి వెళ్లి, తాళం కప్పను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగి చూసింది. వెనక సందులోకి వెళ్లి గోదాం తలుపు కూడా లాగి చూసి వచ్చింది. "నిజంగానే ఏసినారు" అంది, ఎవరితోనో తెలియదు. మూట మళ్లీ తలకెత్తుకుని, అమ్మకుండానే కొండెక్కిపోయింది. ఆ గింజలు అమ్మితే ఆమె సంతలో ఉప్పు, నూనె, మనవరాలికి దుప్పటి కొనుక్కునేదని నాకు తర్వాత తెలిసింది.

శనివారం మధ్యాహ్నానికి ఆమెకు దొరికింది. రేటు పేజీ ప్రోగ్రాం రాసినవాడు బద్ధకించి, ఉన్నదానికంటే చాలా పెద్ద కొలత చెప్పి సరుకు పంపే అలవాటు పెట్టాడు. పాత సాఫ్ట్‌వేర్ తూచకుండా తీసుకునేది కాబట్టి సాగిపోయింది. కొత్తది తూచడం మొదలుపెట్టేసరికి మన పేజీనే ముందు తిప్పికొట్టింది. అంటే తప్పుడు తూకం బయటివాడిదే అనుకున్నది, మన ఇంట్లోనూ ఉంది. వదిన ఆ మాట నాతో చెప్పి చాలాసేపు నవ్వింది. ఆ ప్రోగ్రాంను సరిచేసి, కొత్తల పెట్టె మీద నడిపి, ఆదివారం అసలు సర్వరుకు మాసిక వేసి, పేజీ తెరిచింది. ఆ పని చేస్తున్నంతసేపూ గాజులు తీసి కంప్యూటరు మీద పెట్టుకునేది, చప్పుడుకు ఆలోచన తెగుతుందని. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్లేసరికి గాజులు తొడుక్కుంటోంది. పని అయిందని అర్థం.

"ఇలా రా, సూడు" అని తెర మీద ఒక వరుస చూపించింది. ఆ సాయంత్రమే ఎవడో వచ్చాడు. పెద్ద కొలత చెప్పి ఒంపబోయాడు. వరుస చివర ఒక అంకె ఉంది, ఒప్పుకోలేదు పొమ్మన్నాం అని దానికి అర్థమట. "తూకం అడిగేసరికి ఎల్లిపోనాడు" అంది. ఆమె మొహంలో విజయం లాంటిదేమీ కనిపించలేదు. ఎదురింటివాళ్ల కుక్క లోపలికి రాకుండా తలుపు వేశాక ఉండే మొహమే ఉంది. నేను మాత్రం ఆ వరుసను చూసి భయపడ్డాను. మూయకపోయి ఉంటే అన్న ఆలోచన నాకు అప్పుడు తగిలింది.

తర్వాతి శుక్రవారం పెద్దావిడ అదే మూటతో మా కొట్టుకు వచ్చి అమ్మింది. పోయినవారం సంగతి ఎత్తలేదు. ఆ ఒక్కసారితో ఆగుతుందనుకున్నాడు మా అన్నయ్య. ఆగలేదు. పేజీ మూస్తే కొట్టు మూయాలి అన్నది మా ఇంటి ఆచారమైపోయింది. ఏడాదిలో ఒకటి రెండుసార్లు వచ్చేది ఆ ముచ్చట. మామూలు రోజుల్లో వచ్చిన మాసికలతో చిక్కులేదు, సంత రోజుకు తగిలితేనే తంటా. మిగతా సావుకార్లు ఆయన్ని ఏడిపించేవారు. "ఏటి సావుకారూ, ఈ వేళ మీ ఆవిడకి కుట్టుపనేటి?" అనేవారు. ఆయన చిందులు తొక్కుతూ నా బూత్‌కి వచ్చి కూర్చుని, పేపరంతా చదివి, అందులో ఉన్న ప్రభుత్వాలన్నిటినీ తిట్టేవాడు. వదినను తిట్టేవాడు కాదు. కొన్నాళ్లకు కొండ నుంచి దిగే మూటల్లో ఎక్కువ భాగం మా కొట్టు ముందే ఆగడం మొదలైంది. అది ఎందువల్లో ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. కాటా మంచిదన్నాడు.

ఆమెకు జబ్బు చేశాక సంఘం ఇంకొకరిని తీసుకుంది. కొండ ఊరి కేంద్రంలో పనిచేసి, డిగ్రీ చదువుకుని వచ్చిన అమ్మాయి. వదిన ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు ఆఫీసుకు వెళ్లి పక్కన కూర్చుని నేర్పింది, ఓపిక పోయాక ఆ అమ్మాయే మా వసారాలోకి వచ్చేది. మంచం మీంచి వదిన ఆమెతో అన్న మాట ఒకటి నాకు గుర్తుంది. "కన్నం ఉన్నాదని సెప్పడానికి సిగ్గుపడకు. పూడ్సీసినానని సెప్పడానికి తొందరపడకు." కొట్టు సంగతి మాత్రం ఆ అమ్మాయితోనూ అనలేదు, మా అన్నయ్యతోనూ అనలేదు. ఆయన దగ్గర మాటేమీ తీసుకోలేదు. అడగాలనుకుని అడగలేదో, అడగనక్కర్లేదనుకుందో, నేను ఆమెను అడిగి ఉండాల్సింది. ఇప్పుడు ఆమె లేదు. నాకు ఆమె మీద ఉన్న ప్రేమ ఎంతో ఆమె ఉన్నప్పుడు నాకే సరిగ్గా తెలియదు, ఒకే వసారాలో కూర్చునేవాళ్లం గనక.

కర్మలు అయిపోయి మా అన్నయ్య కొట్టు తెరిచిన తర్వాత, పోయిన శుక్రవారం, పొద్దున్నే ఆ అమ్మాయి నా బూత్‌కి పరుగున వచ్చింది. పట్నానికి ఫోన్ చేసి రేటు కనుక్కుంది. "కన్నం వచ్చిందండీ, పేజీ మూసీసినాను. మాసిక కొత్తల పెట్టి మీద ఉన్నాది" అంది. నల్లబల్ల మీద రేటు రాసి, కంప్యూటరు మరమ్మతులో ఉందని రాసి, అక్కడితో ఆపింది. మా కొట్టు గురించి రాయడానికి ఆమె ఎవరు? ఆమె సావుకారు ఇంటి మనిషి కాదు, పేజీ మూసినందుకు ఆమెను అనుమానించే అవసరం ఎవరికీ లేదు. మా అన్నయ్యకు కబురు చెప్పాలా అని నేను కాసేపు ఆలోచించి, చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఆయన నష్టం ఆయనది. అప్పటికే కొట్టు తెరిచి ఉంది, కాటాకు మొదటి మూట కట్టి ఉంది.

సంతలో ఇలాంటి కబురు దాగదు. కాసేపటికి నేను బూత్ గుమ్మంలోంచి చూస్తే ఆయన కాటా దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న మనిషి చెప్పేది వింటున్నాడు. విని, మూటను కాటా నుంచి దింపాడు. దింపి, దాన్ని తెచ్చినవాడి దగ్గరికే జరిపాడు. కూలివాడితో ఏదో అన్నాడు, వాడు తెల్లబోయి చూశాడు. ఇద్దరూ కలిసి చెక్క తలుపులు ఒక్కొక్కటే మూశారు. నా బూత్ వైపు వస్తాడని పేపరు తీసి పెట్టాను. రాలేదు.

మూటలతో దిగినవాళ్లు అప్పటికే మా అరుగు మీద సర్దుకుని కూర్చుంటున్నారు. అందులో ఆ పెద్దావిడ కూడా ఉంది. ఆయన వాళ్ల మధ్య ఖాళీ చూసుకుని కూర్చున్నాడు.

"ఎంతసేపు పడతాదో" అన్నాడు.

"ఆ యమ్మయితే సందేళకి సేసీసును. ఈ గుంట కొత్తది గదా" అంది పెద్దావిడ, తన మూట కాస్త పక్కకు లాగి ఆయనకు చోటిస్తూ. "సరిగ్గా కూకో."

ఆయన సరిగ్గా కూర్చున్నాడు. పక్క కొట్లన్నీ తెరిచే ఉన్నాయి, కాటాలు ఆడుతున్నాయి. మా అరుగు మీద కొనేవాడూ అమ్మేవాళ్లూ ఒక్క వరుసలో కూర్చుని, మంచులోంచి కనబడుతున్న సంఘం ఆఫీసు మేడ కిటికీ వైపు చూస్తున్నారు.